వీసా చేతికొచ్చాక ఏమిటి? విదేశీ ఉద్యోగాలు, శాశ్వత నివాసంపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం విదేశాలలో ఉద్యోగ వీసా ఎలా వస్తుందని అడిగినవే. ఆ వీసా గడువు ముగిశాక అక్కడ ఉండే హక్కు ఎలా వస్తుంది, ఆ హక్కు యజమాని చేతిలో ఉంటుందా, మన చేతిలో ఉంటుందా అని అడిగినవారు మాత్రం కొద్దిమందే. ఉన్న ఉద్యోగం మానుకుని, ఇల్లు తాకట్టు పెట్టి బయలుదేరే ముందు తేల్చుకోవలసింది ఈ రెండో సంగతి. అందుకే ఉద్యోగ వీసా గురించి అడిగినవారికి కూడా శాశ్వత నివాసాన్ని దృష్టిలో ఉంచుకునే సమాధానాలు రాశాం.

ప్రశ్న: నా వయసు 34. మెకానికల్ ఇంజనీరింగ్‌లో బి.టెక్. చేశాను, పదేళ్ళ అనుభవం ఉంది. నా భార్య వయసు 29, ఎం.ఎస్‌సీ., బి.ఎడ్. చదివి నాలుగేళ్ళుగా ఒక ప్రైవేటు హైస్కూల్లో భౌతికశాస్త్రం బోధిస్తోంది. కెనడాకు నాకు 67 పాయింట్లు దాటాయి కాబట్టి పి.ఆర్. (శాశ్వత నివాసం) ఖాయమని ఒక కన్సల్టెన్సీ వారు చెప్పి, వెంటనే డబ్బు కట్టమంటున్నారు. కట్టవచ్చా?
— ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: కట్టవద్దు. వారు చెప్పిన 67 పాయింట్లు నిజమే కావచ్చు, కానీ వాటితో పి.ఆర్. రాదు. ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ కార్యక్రమానికి అర్హత ఉందో లేదో తేల్చడానికి నూటికి లెక్కగట్టే పట్టిక అది. అందులో భాషకు 28, చదువుకు 25, అనుభవానికి 15, వయసుకు 12, అక్కడ ముందే కుదిరిన ఉద్యోగానికి 10, అనుకూలతకు 10 పాయింట్లు ఉంటాయి. 67 దాటినవారికి 2015 జనవరిలో మొదలైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే జాబితాలో పేరు నమోదు చేసుకునే అవకాశం మాత్రమే లభిస్తుంది. ఆ తర్వాత 1200కు లెక్కించే సి.ఆర్.ఎస్. అనే మరో మార్కుల పద్ధతిలో, జాబితాలో ఉన్న మిగతా అందరితోనూ మీరు పోటీ పడాలి. ప్రభుత్వం అప్పుడప్పుడు డ్రా తీసి, కటాఫ్ దాటినవారినే దరఖాస్తుకు పిలుస్తుంది.

ఈ రెండో లెక్కలో మీకు అడ్డు వచ్చేది వయసు. జీవిత భాగస్వామితో కలిసి దరఖాస్తు చేసేవారికి 20 నుంచి 29 ఏళ్ళ వరకు వయసు కింద 100 మార్కులు ఉంటాయి, ఆపై ఏడాదికి 5 చొప్పున తగ్గుతూ 34 ఏళ్ళకు 75 మిగులుతాయి. 40 దాటాక తగ్గుదల ఇంకా వేగంగా సాగి 45 ఏళ్ళకు ఏమీ మిగలదు. పోయిన వయసును తిరిగి తెచ్చుకోలేం కానీ, భాషా పరీక్ష మీ చేతిలో ఉన్న విషయం. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. జనరల్ పరీక్షలో వినడంలో 8, మిగతా మూడింటిలో 7 చొప్పున వస్తే దానిని కెనడా భాషా కొలమానంలో సి.ఎల్.బి. 9 అంటారు. అంతకు ఒక మెట్టు కింద, అంటే సి.ఎల్.బి. 8 దగ్గర ఆగిన మీలాంటి అభ్యర్థికి భాష కింద 88 వస్తే, 9కి చేరినవారికి 116 వస్తాయి. పైగా భాషను చదువుతోనూ, విదేశీ అనుభవంతోనూ జోడించి ఇచ్చే మార్కులు కూడా 38 నుంచి 75కు పెరుగుతాయి. ఒక్క మెట్టు ఎక్కితే మొత్తం 65 మార్కుల తేడా వస్తుందన్నమాట. ఏజెంటుకు కట్టాలనుకున్న డబ్బులో కొంత భాగం ఈ పరీక్షను రెండోసారి రాయడానికి ఖర్చుపెట్టినా అది వృథా కాదని మా అభిప్రాయం.

మీ కన్సల్టెన్సీ వారు చెప్పని సంగతి మరొకటి ఉంది. దరఖాస్తులో ప్రధాన అభ్యర్థి భర్తే కావాలని ఏ నిబంధనా లేదు. మీ ఇద్దరికీ సి.ఎల్.బి. 9 వచ్చిందనుకుని లెక్క వేస్తే, మీరు ప్రధాన అభ్యర్థి అయితే మొత్తం 408 మార్కులు వస్తాయి. మీ భార్య ప్రధాన అభ్యర్థి అయి, ఆమె ఎం.ఎస్‌సీ. కెనడా మాస్టర్స్ డిగ్రీతో సమానమని విద్యార్హతల మదింపు నివేదికలో తేలితే, వయసు, చదువు కలిసి వచ్చి 470 అవుతాయి. అదనంగా, ప్రత్యేక డ్రాలు తీసే రంగాలలో 2025లో విద్యారంగాన్ని చేర్చారు, హైస్కూలు ఉపాధ్యాయులు ఆ జాబితాలో ఉన్నారు. కెనడాలోనే పనిచేసినవారి కోసం 2025లో తీసిన డ్రాల కటాఫ్ 500కు పైనే ఉండగా, ఆ ఏడాది విద్యారంగ డ్రాల కటాఫ్ 500 దాటలేదు. అంటే మీ కుటుంబానికి ఉన్న మెరుగైన అవకాశం ఆమె పేరు మీదే ఉంది. అయితే పి.ఆర్. వచ్చినంత మాత్రాన అక్కడ బడిలో పాఠం చెప్పనివ్వరు, ఆయా ప్రావిన్సు ఇచ్చే ఉపాధ్యాయ ధ్రువపత్రం విడిగా తెచ్చుకోవాలి. ఆ ఏర్పాటు అయ్యేవరకు ఇంటి ఖర్చు ఎలా గడుస్తుందో ఇప్పుడే ఆలోచించుకోండి. నిర్వహణ ఖర్చుల కింద, 2025 లెక్క ప్రకారం, ఇద్దరికి సుమారు 19 వేల కెనడా డాలర్లు బ్యాంకులో చూపించవలసి ఉంటుంది.

ఫ్రెంచి నేర్చుకునే ఓపిక ఉంటే అదొక పెద్ద తలుపు. నాలుగు విభాగాలలోనూ ఏడో స్థాయి సాధించినవారికి తీసే డ్రాలలో 2025లో కటాఫ్ ఒక దశలో 400 కంటే కిందికి దిగింది. ఏదైనా ప్రావిన్సు నామినేట్ చేస్తే ఏకంగా 600 మార్కులు కలుస్తాయి. ఉద్యోగ ఆఫర్‌కు ఇచ్చే 50 లేదా 200 మార్కులను మాత్రం 2025 మార్చి 25 నుంచి తీసేశారు, కాబట్టి మార్కుల కోసమని ఆఫర్ లెటర్ అమ్మజూపేవారిని దగ్గరికి రానివ్వకండి. కెనడా ఏటా ఇచ్చే శాశ్వత నివాసాల సంఖ్యను కూడా తగ్గించింది. 2025కు మొదట 5 లక్షలు అనుకున్న లక్ష్యాన్ని 3,95,000కు, 2026కు 3,80,000కు కుదించింది. ఇలాంటి పరిస్థితిలో ‘ఖాయం’ అనే మాట ఎవరూ అనలేరు. రుసుము తీసుకుని సలహా ఇచ్చేవారు అక్కడి న్యాయవాది అయినా అయి ఉండాలి, లేదా ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్ల కాలేజీలో నమోదైన సభ్యుడైనా అయి ఉండాలి. ఆ సంస్థ వెబ్‌సైటులో సభ్యుల పేర్లు అందరూ చూసుకోవచ్చు, అందులో పేరు లేని వ్యక్తికి మీరు ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కరలేదు.

ప్రశ్న: నేను మొదట పనిచేసిన హైదరాబాదు కంపెనీ మూతపడింది. అనుభవ పత్రం ఇచ్చేవారు లేరు. తెలిసినవారు ‘ఏర్పాటు చేస్తాం’ అంటున్నారు. పైగా పదో తరగతి సర్టిఫికెట్టులో నా ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఇది ఇబ్బందా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

సమాధానం: పేరు సంగతి చిన్నది, అనుభవ పత్రం సంగతి చాలా పెద్దది.

ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండటం తెలుగువారి ధ్రువపత్రాలలో మామూలే. పాస్‌పోర్టులో ఉన్న పేరే అన్ని దరఖాస్తులలోనూ వాడండి. రెండు రూపాలూ ఒకే వ్యక్తివని తెలిపే నోటరీ అఫిడవిట్ ఒకటి జతచేయండి. భాషా పరీక్షకు, విద్యార్హతల మదింపుకు వేర్వేరు పేర్లతో నమోదు చేసుకుంటే మాత్రం నెలల తరబడి ఆలస్యం అవుతుంది.

ఇక ‘ఏర్పాటు చేసే’ పత్రం జోలికి పోకండి. తప్పుడు పత్రం ఇచ్చినట్టు తేలితే కెనడా చట్టం ప్రకారం ఐదేళ్ళపాటు ఆ దేశంలోకి రానివ్వరు. మిగతా దేశాలు కూడా అడిగే ‘గతంలో మీకు వీసా నిరాకరించారా’ అన్న ప్రశ్నకు ఆ తర్వాత జీవితాంతం అవునని రాయవలసి వస్తుంది. అధికారులు కంపెనీకి ఫోను చేస్తారు, భవిష్య నిధి వివరాలతో పోల్చి చూస్తారు. కంపెనీ మూతపడటం మీ తప్పు కాదు, దానిని దాచవలసిన పనీ లేదు. నియామక పత్రం, జీతం స్లిప్పులు, ఫారం 16, భవిష్య నిధి పాస్‌బుక్కు, జీతం జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంటు, అప్పటి పై అధికారి తన ప్రస్తుత చిరునామాతో సంతకం చేసి ఇచ్చిన ఉత్తరం, వీటన్నిటినీ కలిపి పరిస్థితిని వివరిస్తూ ఒక పేజీ లేఖ రాయండి. మీరు ఏ పనులు చేశారు, వారానికి ఎన్ని గంటలు చేశారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చేశారు అన్నవి ఆ ఉత్తరంలో స్పష్టంగా ఉండాలి. హోదా పేరు ఎంత ఘనంగా ఉన్నా, చేసిన పని వివరం లేకపోతే ఆ పత్రానికి విలువ ఉండదు.

ప్రశ్న: అమెరికాలో హెచ్-1బి (తాత్కాలిక ఉద్యోగ వీసా) మీద ఐదో ఏట ఉన్నాను. నా ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం పొంది ఏడాది దాటింది, ప్రయారిటీ తేదీ (వరుసలో చేరిన తేదీ) 2023. ఇప్పటి కంపెనీ పరిస్థితి బాగాలేదు. మారితే గ్రీన్ కార్డు వరుసలో నా స్థానం పోతుందా? మా అమ్మాయి 2012లో ఇండియాలో పుట్టింది, ఆమె సంగతేమిటి?
— వరంగల్‌కు చెందిన పాఠకుడు, డల్లాస్

సమాధానం: స్థానం పోదు. కొత్త కంపెనీ మీ కోసం పెర్మ్ (ఆ ఉద్యోగానికి తగిన అమెరికన్లు దొరకలేదని కార్మిక శాఖ ఇచ్చే ధ్రువీకరణ), ఐ-140 రెండూ మళ్ళీ మొదటినుంచి చేయించాలి, కానీ కొత్త ఐ-140కి పాత ప్రయారిటీ తేదీనే వర్తింపజేస్తారు. మోసం వంటి కారణాలతో పాత ఐ-140ని రద్దు చేస్తే తప్ప ఆ తేదీ మీదే. ఆమోదం వచ్చి 180 రోజులు దాటింది కాబట్టి, పాత కంపెనీ దానిని వెనక్కి తీసుకుంటానన్నా దాని ఆధారంగా హెచ్-1బికి ఉండే ఆరేళ్ళ గరిష్ఠ గడువు తర్వాత కూడా దానిని మూడేళ్ళ చొప్పున పొడిగించుకోవచ్చు. ఐ-140 ఇంకా రాని మిత్రులు మీకు ఉంటే వారికి ఒక మాట చెప్పండి. ఆరో ఏడు మొదలయ్యేలోపే పెర్మ్ దాఖలు చేయించుకోవాలి. పెర్మ్ గానీ, ఐ-140 గానీ దాఖలై 365 రోజులు గడిస్తేనే ఆరేళ్ళ తర్వాత ఏడాది చొప్పున పొడిగింపు అడిగే వీలుంటుంది.

ఉద్యోగం హఠాత్తుగా పోతే మీకు ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఆ లోపు కొత్త యజమాని దరఖాస్తు వేయాలి, లేదా మీరు మరో హోదాకు మారాలి, లేదా దేశం విడవాలి. కంపెనీ పరిస్థితి బాగాలేదని మీకే తెలుస్తున్నప్పుడు, తొలగింపు ఉత్తరం వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే వెతుక్కోవడం మంచిది. 2025 సెప్టెంబరు 19న ప్రకటించిన లక్ష డాలర్ల రుసుము గురించి భయపడుతున్నారేమో, అది ప్రధానంగా దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త దరఖాస్తులకు. అమెరికాలోనే చట్టబద్ధమైన హోదాలో ఉంటూ కంపెనీ మారేవారికి, పొడిగింపు కోరేవారికి అది వర్తించదని అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖ ఆ తర్వాత స్పష్టం చేసింది.

గ్రీన్ కార్డు విషయంలో మీకు నిజం చెప్పడమే మేలు. ఉద్యోగం ఆధారంగా ఏటా ఇచ్చేవి సుమారు 1,40,000, అందులో ఉద్యోగుల భార్యాభర్తలు, పిల్లలు కూడా కలిసే ఉంటారు. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్నది నియమం. ఐస్‌లాండుకూ అదే పరిమితి, భారతదేశానికీ అదే పరిమితి. ఫలితంగా 2025 చివరలో కూడా ఇ.బి.-2 (ఉన్నత విద్యావంతులు), ఇ.బి.-3 (నైపుణ్య ఉద్యోగులు) వర్గాలలో భారతీయులకు 2013 నాటి ప్రయారిటీ తేదీలే నడిచాయి. మీది 2023. నైపుణ్యం చూసి పిలిచిన మనిషిని పుట్టిన ఊరు చూసి దశాబ్దాలు ఆపడం అన్యాయమని మేము గట్టిగా నమ్ముతున్నాం, కానీ చట్టం మారేవరకు మీ ప్రణాళిక ఉన్న చట్టం ప్రకారమే ఉండాలి.

మీ అమ్మాయికి 2033లో 21 ఏళ్ళు నిండుతాయి. ఆ తర్వాత ఆమె మీ మీద ఆధారపడిన బిడ్డగా లెక్కకు రాదు. ఐ-140 పరిశీలనలో గడిచిన రోజులను వయసులోంచి తీసివేసే వెసులుబాటు ఒకటి ఉన్నా, అది సాధారణంగా కొన్ని నెలలకే అక్కరకొస్తుంది. కాబట్టి కాలేజీ వయసు వచ్చేసరికి ఆమెకు సొంతంగా విద్యార్థి వీసా తీసుకోవలసి రావచ్చని, ఫీజు కూడా విదేశీ విద్యార్థుల లెక్కన పడవచ్చని ఇప్పటినుంచే సిద్ధపడండి. ఆమెతో ఈ విషయం దాచకుండా మాట్లాడండి, పదిహేడేళ్ళప్పుడు హఠాత్తుగా తెలిస్తే ఆ పిల్ల తట్టుకోవడం కష్టం. మీ భార్య భారతదేశం బయట పుట్టి ఉంటే, కువైట్‌లోనైనా సరే, ఆమె పుట్టిన దేశపు వరుసలో మీ కుటుంబం మొత్తం చేరవచ్చు. ఇక్కడ లెక్క పుట్టిన చోటుదే, పౌరసత్వానిది కాదు. గల్ఫ్‌లో పుట్టిన తెలుగువారు ఎందరో ఉన్నారు కాబట్టి ఈ సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాం. మీ ఐ-140 ఆమోదమైంది కనుక, ఆమె హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉంటే పని అనుమతికి కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

ప్రశ్న: మా తమ్ముడికి ఇంగ్లండులో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో కేర్ అసిస్టెంటు ఉద్యోగం, స్పాన్సర్‌షిప్ ధ్రువపత్రం ఇప్పిస్తామని 15 లక్షలు అడుగుతున్నారు. ఐదేళ్ళకు పి.ఆర్. వస్తుందంటున్నారు. రెండెకరాలు అమ్మాలనుకుంటున్నాం.
— ఒక పాఠకురాలు, బాపట్ల జిల్లా

సమాధానం: అమ్మా, దయచేసి పొలం అమ్మకండి. కేర్ వర్కర్ ఉద్యోగాలకు విదేశాల నుంచి కొత్తగా మనుషులను తీసుకోవడాన్ని బ్రిటన్ ప్రభుత్వం 2025 జూలై 22న ఆపేసింది. అంతకు ముందే, 2024 మార్చి 11 నుంచి, ఆ వీసా మీద వెళ్ళేవారు భార్యాపిల్లలను వెంట తీసుకెళ్ళే అవకాశాన్ని తొలగించారు. మీ తమ్ముడు ఇండియాలో ఉన్నాడు కాబట్టి ఈ ఉద్యోగం మీద అతనికి వీసా రాదు. డబ్బు అడుగుతున్నవారికి ఈ సంగతి తెలియకుండా ఉండదు.

ఇతర ఉద్యోగాల విషయంలోనూ ఒకటి గుర్తుంచుకోండి. స్పాన్సర్‌షిప్ ధ్రువపత్రం అమ్ముకునే వస్తువు కాదు. దానికయ్యే రుసుమును, విదేశీ ఉద్యోగిని తీసుకున్నందుకు యజమానిపై వేసే నైపుణ్య పన్నును యజమానే భరించాలి, ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. లైసెన్సు ఉన్న యజమానుల జాబితాను ప్రభుత్వం తన వెబ్‌సైటులో ఉంచుతుంది. ఆ లైసెన్సు రద్దయితే, ఏ తప్పూ చేయని ఉద్యోగికి కూడా కొత్త యజమానిని వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే మిగులుతాయి, ఇలా రోడ్డున పడ్డ మన పిల్లలు చాలామంది ఉన్నారు. 2025 జూలై నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లు, ఉద్యోగం డిగ్రీ స్థాయిదై ఉండాలి. ఐదేళ్ళకు స్థిరనివాసం అన్న పద్ధతిని మార్చి సాధారణ గడువును పదేళ్ళు చేయాలని 2025 మే నాటి శ్వేతపత్రంలోనే ప్రభుత్వం ప్రతిపాదించింది. ఇప్పటికే కొంత డబ్బు ఇచ్చి ఉంటే, రసీదులు, వాట్సాప్ సంభాషణలు చెరపకుండా పెట్టుకుని పోలీసులకు ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: బి.ఎస్‌సీ. నర్సింగ్ చదివి ఐ.సి.యు.లో మూడేళ్ళు పనిచేశాను. జర్మనీ వెళ్ళాలని ఉంది. శాశ్వత నివాసం వస్తుందా? భాష రాకపోయినా పర్వాలేదంటున్నారు, నిజమేనా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: మొదటి ప్రశ్నకు వస్తుందనే చెప్పవచ్చు, రెండో మాట పచ్చి అబద్ధం. జర్మనీలో నర్సు వృత్తికి రాష్ట్ర అధికారుల గుర్తింపు తప్పనిసరి. మన డిగ్రీని వారి చదువుతో పోల్చి, తక్కువ పడినవాటికి కొంతకాలం శిక్షణ గానీ పరీక్ష గానీ పెడతారు. పూర్తి గుర్తింపుకు సాధారణంగా జర్మన్ భాషలో బి2 స్థాయి (ఆరు మెట్లలో నాలుగోది) కావాలి. రోగి నొప్పి ఎక్కడుందో చెప్పినప్పుడు నర్సుకు అర్థం కావాలి కదా, కాబట్టి ఆ నిబంధనలో అన్యాయమేమీ లేదు. ఉద్యోగం చేస్తూ బి2 దాకా చదవడానికి ఏడాదికి పైగా పడుతుందనుకుని మొదలుపెట్టండి.

గుర్తింపు పొంది నైపుణ్య ఉద్యోగి హోదాలో మూడేళ్ళు పనిచేసి, 36 నెలలు పింఛను నిధికి చందా కట్టి, బి1 స్థాయి (బి2కు ఒక మెట్టు కింద) భాష చూపిస్తే శాశ్వత నివాసానికి అడగవచ్చు. 2023 చివర్లో చట్టం సవరించేదాకా ఇది నాలుగేళ్ళు. ఇంజనీర్లు ఎక్కువగా తీసుకునే ఇ.యు. బ్లూ కార్డు అనే ఉద్యోగ అనుమతి మీద ఇంకా తొందరగా, 27 నెలలకు, బి1 ఉంటే 21 నెలలకే వస్తుంది. గ్రీన్ కార్డు వరుసతో పోలిస్తే ఇక్కడ గడువు చట్టంలోనే రాసి ఉంది, అది మీ చేతిలో ఉంది. 2024 జూన్‌లో వచ్చిన ఆపర్చునిటీ కార్డు మాత్రం ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే ఏడాది గడువు మాత్రమే, దానిని ఉద్యోగ వీసాగా చూపి అమ్మేవారున్నారు, జాగ్రత్త.

మీరు తెలంగాణలో ఉన్నారు కాబట్టి ముందుగా రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను సంప్రదించండి, నర్సులకు భాషా శిక్షణతో సహా విదేశీ నియామకాలు అది చూస్తుంది. ప్రైవేటు ఏజెంటు దగ్గరికి వెళ్ళదలిస్తే, ఆయన విదేశాంగ శాఖ దగ్గర నమోదయ్యాడో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. నమోదైన ఏజెంటు సేవా రుసుముగా అభ్యర్థి నుంచి తీసుకోదగినది 30 వేల రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే.

ప్రశ్న: మా అబ్బాయికి కెనడా పి.ఆర్. వచ్చి రెండున్నరేళ్ళయింది, అప్పటినుంచీ అక్కడే ఉన్నాడు. నా వైద్యం కోసం రెండేళ్ళు ఇక్కడే ఉంటానంటున్నాడు. పి.ఆర్. పోతుందేమోనని నాకు దిగులుగా ఉంది.
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: పోదండీ. ఏ ఐదేళ్ళు లెక్కించినా అందులో మొత్తం 730 రోజులు కెనడాలో ఉంటే చాలు, అవి వరుసగా ఉండనక్కరలేదు. రెండున్నరేళ్ళలో ఆయన ఇప్పటికే 900 రోజులు దాటారు. అయితే ఈ లెక్క రోజులు గడిచేకొద్దీ ముందుకు జరుగుతుంది. ఐదేళ్ళు నిండాక, తనిఖీ చేసే రోజు నుంచి వెనక్కి ఐదేళ్ళే చూస్తారు, కాబట్టి మొదట్లో గడిపిన రోజులు ఒక్కొక్కటే లెక్కలోంచి జారిపోతాయి. రెండేళ్ళు అనుకున్నది మూడేళ్ళవుతుందేమో అనిపించినప్పుడు మళ్ళీ లెక్క చూసుకోవాలి. పౌరసత్వం మాత్రం ఆలస్యమవుతుంది, దానికి ఐదేళ్ళలో 1,095 రోజులు అక్కడ ఉండాలి.

బయలుదేరేముందు పి.ఆర్. కార్డు గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకోమనండి. కార్డు గడువు ముగిసినా హోదా రద్దు కాదు, కానీ విమానం ఎక్కడానికి ఇక్కడి నుంచి విడిగా ఒక ప్రయాణ పత్రం తీసుకోవలసి వస్తుంది. మీ వైద్యానికి సంబంధించిన ఆసుపత్రి కాగితాలు, ఆయన పాస్‌పోర్టు మీది ముద్రలు, టికెట్లు అన్నీ భద్రపరచండి. ఒకవేళ రోజులు తక్కువపడినా, తల్లిదండ్రుల అనారోగ్యం వంటి మానవీయ కారణాలను అధికారులు పరిగణనలోకి తీసుకోవచ్చు, అప్పుడు అక్కరకొచ్చేవి ఆ కాగితాలే. మీరు నిశ్చింతగా వైద్యం చేయించుకోండి.